డికెన్స్, హార్డీ, షెర్లాక్ హోమ్స్ మొదట అచ్చయిన పత్రికలు: సేకరించాలనుకునేవాళ్ళకి పూర్తి గైడ్

ఒక ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద, ఇంజినీరింగ్ గైడ్ల గుట్ట కింద, నీలం గుడ్డ అట్టతో లావుపాటి పుస్తకం ఒకటి కనిపించింది. వెన్ను మీది బంగారు అక్షరాలు సగం చెరిగిపోయాయి. తెరిస్తే స్ట్రాండ్ మ్యాగజైన్, రెండో సంపుటం, 1891 జులై నుంచి డిసెంబర్ దాకా అని ఉంది. 61వ పేజీ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ‘ఎ స్కాండల్ ఇన్ బొహీమియా’. పత్రికలో వచ్చిన మొట్టమొదటి షెర్లాక్ హోమ్స్ చిన్న కథ. పక్కనే సిడ్నీ పేజెట్ బొమ్మలు.

హోమ్స్ అంటే నాకు అప్పటిదాకా కాలేజీ లైబ్రరీలోని పేపర్‌బ్యాక్ మాత్రమే. 1891 జులైలో ఆరు పెన్నీలు పెట్టి ఆ సంచిక కొన్నవాళ్ళకి తర్వాతి నెల ఏం జరుగుతుందో తెలియదు. హోమ్స్ ఇంత పేరు తెచ్చుకుంటాడని అసలే తెలియదు. వాళ్ళు చూసిన పేజీనే నేనూ చూస్తున్నాను. ఇంటికి తెచ్చుకున్న ఆ సంపుటంతో మొదలైన పిచ్చి ఈరోజుకీ తగ్గలేదు.

19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలల్లో చాలావాటిని జనం మొదట చదివింది పత్రికల్లోనే. ‘ఆలివర్ ట్విస్ట్’, ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’, ‘టెస్’, ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ అన్నీ అలా వచ్చినవే. వాటి మొదటి ముద్రణ పుస్తకాలు మనలాంటివాళ్ళకి అందవు. అంతకంటే ముందు అచ్చయిన పత్రికలు మాత్రం చాలాసార్లు అందుతాయి. ఓపిక పడితే, కొంచెం చదువుకుంటే చాలు. ఆ చదువుకోవాల్సింది ఏమిటో నాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాను.

1. ఏం కావాలో ముందు తేల్చుకోండి

కొత్తవాళ్ళు పాతగా కనిపించిన ప్రతిదీ కొంటారు. ఏడాది తిరిగేసరికి అల్మరా నిండుతుంది, డబ్బు అయిపోతుంది, అందులో ఒకదానికొకటి సంబంధం ఉండదు. నా సలహా ఒక్కటే: మీకు ప్రాణమైన నవల ఒకటి ఎంచుకుని, అది మొదట వచ్చిన సంచికలన్నీ వెతకండి. రచయిత పేరుతో మొదలుపెడితే అంతు ఉండదు. నవలకైతే మొదలూ చివరా తెలుస్తాయి.

సులువుగా దొరికేవాటిలో స్ట్రాండ్‌ది మొదటి స్థానం. జార్జ్ న్యూన్స్ 1891 జనవరిలో మొదలుపెట్టిన మాసపత్రిక ఇది. ఆరు నెలల సంచికలు కలిపి ఒక సంపుటం. రెండు, మూడు సంపుటాలు సంపాదిస్తే మొదటి హోమ్స్ కథల పుస్తకం ‘అడ్వెంచర్స్’లోని 12 కథలూ మీ దగ్గర ఉన్నట్టే. రెండో కథల పుస్తకం ‘మెమాయిర్స్’ కథలు 1892 డిసెంబర్ నుంచి 1893 డిసెంబర్ దాకా నడిచాయి కాబట్టి నాలుగు, ఐదు, ఆరు సంపుటాలు కావాలి. లక్షల్లో అమ్ముడైన పత్రిక కాబట్టి బౌండ్ సంపుటాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

తర్వాత డికెన్స్ వారపత్రికలు రెండు. ‘హౌస్‌హోల్డ్ వర్డ్స్’ 1850 మార్చి 30న మొదలై 1859 మే 28 దాకా వచ్చింది. ధర రెండు పెన్నీలు, 24 పేజీలు, రెండు కాలమ్‌లు, ఒక్క బొమ్మా ఉండదు. డికెన్స్ ‘హార్డ్ టైమ్స్’, ఎలిజబెత్ గాస్కెల్ ‘క్రాన్‌ఫర్డ్’, ‘నార్త్ అండ్ సౌత్’ ఇందులోవే. ప్రచురణకర్తలతో గొడవ రావడంతో డికెన్స్ దాన్ని ఆపి ‘ఆల్ ది ఇయర్ రౌండ్’ పెట్టాడు. 1859 ఏప్రిల్ 30 నాటి దాని మొదటి సంచికలోనే ‘ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్’ మొదలైంది. విల్కీ కాలిన్స్ ‘ది వుమన్ ఇన్ వైట్’, ‘ది మూన్‌స్టోన్’, డికెన్స్ ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ కూడా ఇందులోనే వచ్చాయి.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ‘కార్న్‌హిల్’ మాసపత్రిక. నవలా రచయిత థాకరే సంపాదకుడిగా 1860 జనవరిలో వచ్చింది, ధర ఒక షిల్లింగ్. మొదటి సంచికే లక్షకు పైగా అమ్ముడైంది. అప్పటికి ఇంగ్లండ్‌లో పత్రికల మీద పన్నులు ఒక్కొక్కటే పోతున్నాయి: 1853లో ప్రకటనల పన్ను, 1855లో స్టాంపు పన్ను, 1861లో కాగితం పన్ను. చవక మాసపత్రికలు ఒకేసారి అన్ని పుట్టుకురావడానికి అదొక పెద్ద కారణం. జార్జ్ ఎలియట్ ‘రొమోలా’ ఇందులో 1862-63లో వచ్చింది. హార్డీ ‘ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్’ 1874లో పన్నెండు నెలలూ నడిచింది. అంటే 29, 30 సంపుటాలు. రెండే రెండు పుస్తకాలతో ఒక హార్డీ నవల పూర్తిగా, హెలెన్ పేటర్సన్ బొమ్మలతో సహా మీ చేతికొస్తుంది. మొదలుపెట్టేవాళ్ళెవరు అడిగినా నేను ఇదే చెబుతాను.

కొంచెం కష్టపడితే దొరికేవి: ‘ఆలివర్ ట్విస్ట్’ వచ్చిన ‘బెంట్లీస్ మిసలనీ’ (1837 ఫిబ్రవరి నుంచి 1839 ఏప్రిల్), జోసెఫ్ కాన్రాడ్ ‘హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్’ వచ్చిన ‘బ్లాక్‌వుడ్స్’ 1899 ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ సంచికలు. ఆ ఫిబ్రవరి సంచిక బ్లాక్‌వుడ్స్‌కి వెయ్యోది. హెచ్.జి. వెల్స్ ‘ది వార్ ఆఫ్ ది వరల్డ్స్’ కోసమైతే 1897 నాటి పియర్సన్స్ మ్యాగజైన్ చూడాలి. మన పిల్లలకి కూడా తెలిసిన కిప్లింగ్ ముంగిస కథ ‘రిక్కీ-టిక్కీ-టావీ’ అమెరికాలో ‘సెయింట్ నికొలస్’ అనే పిల్లల పత్రికలో 1893 నవంబర్‌లో వచ్చింది.

ఇక ‘బీటన్స్ క్రిస్మస్ యాన్యువల్’, 1887. హోమ్స్ మొదటిసారి కనిపించిన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’ అందులోనిది. ఆ రచన మీది హక్కులన్నిటికీ కలిపి హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్‌కి ముట్టింది 25 పౌండ్లు. 2007లో న్యూయార్క్ సోత్‌బీస్ వేలంలో ఒక ప్రతి 1,56,000 డాలర్లకు పోయింది. ప్రపంచం మొత్తం మీద మిగిలినవి కొన్ని పదుల ప్రతులే. దాన్ని మ్యూజియంలో చూసి ఆనందించండి. ఎవరైనా చవకగా ఇస్తానంటే అది తర్వాత వేసిన నకలు ప్రతి అయి ఉంటుంది.

2. ఒకే రచన, మూడు రూపాలు

ఇది అర్థం కాకపోతే ధరలు అర్థం కావు. ‘ఆల్ ది ఇయర్ రౌండ్’నే తీసుకోండి. అది వారం వారం విడి సంచికగా వచ్చేది. నెలకి సరిపడా సంచికల్ని పై కవర్ వేసి నెల భాగంగా అమ్మేవాళ్ళు. ఆరు నెలలైతే టైటిల్ పేజీ, విషయసూచిక కలిపి సంపుటంగా అమ్మేవాళ్ళు. లోపలి అచ్చు ఒకటే, విలువ మాత్రం ఒకటి కాదు.

మాసపత్రికలకి రంగు కాగితం మీద అచ్చువేసిన పై కవర్ ఉండేది. ముందూ వెనకా పేజీలకి పేజీలు ప్రకటనలుండేవి: సబ్బులు, కోకో, పియానోలు, జబ్బులన్నీ నయం చేస్తామనే మాత్రలు. సంపుటంగా కట్టించేటప్పుడు బైండర్ వాటిని చించి పారేసేవాడు. అందుకే కార్న్‌హిల్ సంపుటాలు ఎన్నైనా దొరుకుతాయి కానీ, విత్తేవాడు, దున్నేవాడు, కోసేవాడు, నూర్చేవాడు ఉన్న ఆ పసుప్పచ్చ కవర్‌తో విడి సంచిక దొరకడం అరుదు. ఒక్క విడి సంచిక ధర ఆరు నెలల సంపుటాన్ని దాటడం నేను చాలాసార్లు చూశాను.

సంపుటాల్లోనూ తేడాలున్నాయి. ప్రచురణకర్తే గుడ్డ అట్ట వేసి అమ్మినవి కొన్ని, స్ట్రాండ్ నీలం అట్టలు అలాంటివే. చదివినవాళ్ళు సొంతంగా తోలు వెన్నుతో కట్టించుకున్నవి కొన్ని. లైబ్రరీ ముద్రలతో బయటికొచ్చినవి కొన్ని. మన దేశంలో దొరికేవి ఎక్కువగా ఈ మూడో రకం, కంటోన్మెంట్ క్లబ్బులు, పాత కాలేజీల నుంచి వచ్చినవి. విదేశీ డీలర్లు లైబ్రరీ ముద్ర ఉంటే ధర తగ్గిస్తారు. నాకు మాత్రం ఆ ముద్రలంటే ఇష్టం. ఓడలో మద్రాసు రేవు దాకా వచ్చి ఏ క్లబ్బు వరండాలోనో ఆ పుస్తకం చదవబడిందని అవి చెబుతాయి.

విడి సంచిక అని అమ్మే వాటిలో కొన్ని, సంపుటాన్ని విప్పి నెలల వారీగా విడగొట్టినవి. కవర్ ఉండదు, వెన్ను దగ్గర పాత జిగురు, కుట్ల చిల్లులు కనిపిస్తాయి. చదువుకోడానికి పనికొస్తాయి, కానీ అసలు సంచిక ధర పెట్టొద్దు.

3. పేరు లేని రచన ఎవరిదో తెలుసుకోవడం

ఆ రోజుల్లో చాలా పత్రికల్లో రచయిత పేరు వేసేవాళ్ళు కాదు. హౌస్‌హోల్డ్ వర్డ్స్‌లో ప్రతి పేజీ పైన డికెన్స్ నిర్వహణలో అని మాత్రమే ఉంటుంది, లోపల రాసినవాళ్ళ పేర్లుండవు. ‘ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్’ కూడా కార్న్‌హిల్‌లో పేరు లేకుండానే మొదలైంది. అది జార్జ్ ఎలియట్ రాసిందేమోనని ఒక సమీక్షకుడు అనుమానపడ్డాడు కూడా. కాబట్టి అమ్మేవాడు ఇది డికెన్స్ వ్యాసం అన్నంత మాత్రాన నమ్మకూడదు. డికెన్స్ పత్రిక వేరు, డికెన్స్ రాసింది వేరు.

దీనికి మంచి ఆధారాలున్నాయి. హౌస్‌హోల్డ్ వర్డ్స్ ఉపసంపాదకుడు విల్స్ ఎవరు ఏది రాశారో, ఎంత ఇచ్చారో ఒక ఆఫీసు పుస్తకంలో రాసిపెట్టాడు. దాని ఆధారంగా యాన్ లోర్లీ 1973లో పూర్తి జాబితా ప్రచురించింది. ఆల్ ది ఇయర్ రౌండ్‌కి చాలాకాలం అలాంటి జాబితా దొరకలేదు. 2015లో జెరెమీ ప్యారట్ అనే పాత పుస్తకాల డీలర్, మార్జిన్లలో రచయితల పేర్లు చేత్తో రాసి ఉన్న సెట్టు తన దగ్గరుందని బయటపెట్టాడు. ఆ వార్త చదివిన రోజు నేను నా దగ్గరున్న సంపుటాలన్నిటి మార్జిన్లూ టార్చి వేసి చూశాను. ఏమీ లేవు, కానీ ఆ అలవాటు ఉండిపోయింది. పెన్సిల్ గుర్తు ఎక్కడున్నా చెరపొద్దు.

మాసపత్రికలు, త్రైమాసికాలకైతే, ఏ రచన ఎవరిదో చెప్పే ‘వెల్స్‌లీ ఇండెక్స్’ ఐదు సంపుటాలు చూడాలి. కార్న్‌హిల్, బ్లాక్‌వుడ్స్ రెండూ అందులో ఉన్నాయి. డికెన్స్ పత్రికలు డికెన్స్ జర్నల్స్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవొచ్చు. మిగతావాటిలో చాలావరకు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, హాతీ ట్రస్ట్‌లో స్కాన్లున్నాయి. కొనబోయే ముందు స్కాన్‌లో ఆ సంపుటం మొత్తం తిరగేసి, ఏ పేజీలో ఏముందో, ఎన్ని బొమ్మలున్నాయో కాగితం మీద రాసుకోండి. గంట పడుతుంది. ఆ గంట వల్ల నాకు మిగిలిన డబ్బు చాలా ఉంది.

4. పత్రికలో వచ్చింది, పుస్తకంలో వచ్చింది ఒకటి కాదు

ఈ సేకరణలో అసలు రుచి ఇక్కడే ఉందని నా నమ్మకం.

హార్డీ ‘టెస్’ 1891 జులై నుంచి డిసెంబర్ దాకా ‘ది గ్రాఫిక్’ వారపత్రికలో వచ్చింది. నీళ్ళు నిండిన దారిలో ఏంజెల్ క్లేర్ నలుగురు అమ్మాయిల్ని ఒక్కొక్కరినే చేతులతో ఎత్తుకుని దాటించే ఘట్టం చదివినవాళ్ళందరికీ గుర్తుంటుంది. గ్రాఫిక్‌లో అతను వాళ్ళని చక్రాల బండిలో కూర్చోబెట్టి తోస్తాడు! పెళ్ళికాని అమ్మాయిని మగవాడు ఎత్తుకోవడం కుటుంబ పత్రికలో కుదరదని హార్డీ మార్చాల్సివచ్చింది. ఇంకా గట్టి ఘట్టాలు రెండిటిని పూర్తిగా తీసేసి వేరే పత్రికలకిచ్చాడు. టెస్ తన బిడ్డకి తానే బాప్టిజం ఇచ్చే భాగం 1891 మే ‘ఫోర్ట్‌నైట్లీ రివ్యూ’లోనూ, రాత్రి నాట్యం భాగం ఆ నవంబర్‌లో ‘నేషనల్ అబ్జర్వర్’లోనూ వచ్చాయి. అంటే ‘టెస్’ని పత్రికల్లో పూర్తిగా సేకరించాలంటే మూడు పత్రికలు వెతకాలి. నాకు గ్రాఫిక్, ఫోర్ట్‌నైట్లీ దొరికాయి. మూడోదాని కోసం ఇంకా చూస్తున్నాను.

ఆస్కార్ వైల్డ్ ‘ది పిక్చర్ ఆఫ్ డోరియన్ గ్రే’ 1890 జులై ‘లిపిన్‌కాట్స్’లో 13 అధ్యాయాలతో వచ్చింది. మరుసటి ఏడాది పుస్తకంలో అవి 20 అయ్యాయి. ఇప్పుడు అందరూ కోట్ చేసే ముందుమాట పత్రికలో లేదు. 1890 ఫిబ్రవరిలో అదే పత్రికలో హోమ్స్ రెండో నవల ‘ది సైన్ ఆఫ్ ది ఫోర్’ వచ్చింది. 1889 ఆగస్టు 30న లండన్ లాంగమ్ హోటల్లో సంపాదకుడు స్టొడార్ట్ ఇద్దరు రచయితలకీ భోజనం పెట్టి ఒప్పించిన ఫలితం ఆ రెండూ.

స్ట్రాండ్‌లో 1893 జనవరిలో వచ్చిన ‘ది కార్డ్‌బోర్డ్ బాక్స్’ కథని ఇంగ్లండ్‌లో ‘మెమాయిర్స్’ పుస్తకం వేసినప్పుడు వదిలేశారు. స్ట్రాండ్ ఐదో సంపుటంలో అది ఉండాల్సిన చోటే ఉంది.

ఇంకొక ఉపయోగకరమైన సంగతి. ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ ఆల్ ది ఇయర్ రౌండ్‌లో బొమ్మలు లేకుండా వచ్చింది. అదే కాలంలో అమెరికాలో ‘హార్పర్స్ వీక్లీ’ బొమ్మలతో వేసింది. బొమ్మలున్న పేజీ చూపించి ఇది డికెన్స్ సొంత పత్రిక అని ఎవరైనా అంటే వాళ్ళు పొరబడ్డారన్నమాట.

5. ఎక్కడ వెతకాలి

మన దగ్గర హైదరాబాద్ ఆబిడ్స్ ఆదివారం సంత, కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్ చూడదగ్గవి. విజయవాడ, చెన్నై పాత పుస్తకాల షాపుల్లో కూడా అప్పుడప్పుడు తగులుతాయి. షాపువాళ్ళకి పత్రిక పేర్లు చెబితే గుర్తుపట్టరు. ఫోన్లో ఒక స్ట్రాండ్ సంపుటం ఫోటో, ఒక కార్న్‌హిల్ సంపుటం ఫోటో పెట్టుకుని, ‘అన్నా, ఇట్లాంటి పాత ఇంగ్లిష్ బైండింగ్ బుక్స్ వస్తే నాకు ఒక ఫోన్ కొట్టు’ అనండి. నాకు మంచివి దొరికింది ఇలాగే. తక్కువ చేసి బేరమాడి తర్వాత గొప్పలు చెప్పుకోకండి. ఒకసారి నమ్మకం కుదిరితే వాళ్ళే మీకోసం పక్కన పెడతారు.

ఆన్‌లైన్‌లో ఏబ్‌బుక్స్, బిబ్లియో, ఈబే ఉన్నాయి. వయాలిబ్రి చాలా సైట్లని ఒకేసారి వెతికిపెడుతుంది. రచయిత పేరుతో వెతికితే ధర పెట్టి కూర్చున్నవే వస్తాయి. పత్రిక పేరు, సంవత్సరం, సంపుటం నంబరుతో వెతకండి. లోపల హార్డీ ఉన్నాడని తెలియకుండా ‘కార్న్‌హిల్ వాల్యూమ్ 29’ అని మాత్రమే పెట్టేవాళ్ళు చాలామంది ఉంటారు.

విదేశం నుంచి తెప్పిస్తే బరువు చూసుకోండి. ఒక్కోసారి పోస్టేజీ పుస్తకం ధరని మించిపోతుంది. కస్టమ్స్ సంగతి కొరియర్ వాళ్ళని ముందే అడగాలి. ఇక్కడ దొరికినదాన్ని బయటి దేశానికి పంపాలంటే, వందేళ్ళు దాటిన చారిత్రక వస్తువుల ఎగుమతి మీద 1972 పురావస్తువుల చట్టం ఆంక్షలు పెట్టింది. పురావస్తు శాఖని అడగకుండా పంపొద్దు.

6. డబ్బు పంపే ముందు అడగాల్సినవి

ఈ పాఠం నేను డబ్బిచ్చి నేర్చుకున్నాను. కార్న్‌హిల్ 29వ సంపుటం ఒక విదేశీ అమ్మకందారు దగ్గర కొన్నాను. ‘టెక్స్ట్ పూర్తిగా ఉంది’ అని రాశాడు. ఆరు నెలల సంపుటం, హార్డీ నవలకి నెలకొకటి చొప్పున ఆరు పూర్తి పేజీ బొమ్మలుండాలి. పార్సెల్ విప్పి చూస్తే రెండే ఉన్నాయి. మిగిలిన నాలుగు చోట్ల బైండింగ్ లోపల సన్నటి కాగితం అంచు, బ్లేడుతో నీటుగా కోసిన గుర్తు. ఫ్రేమ్ కట్టించి అమ్ముకోడానికి ఎవరో ఎప్పుడో తీసేసుకున్నారు. టెక్స్ట్ పూర్తిగా ఉందన్న మాట నిజమే, నేనే బొమ్మల గురించి అడగలేదు. ఆ సాయంత్రం పడిన బాధ మీరు పడకూడదని ఇంత వివరంగా రాస్తున్నాను.

అప్పటి నుంచి నేను పంపే మెసేజ్ ఒకటే. బొమ్మల పేజీలు ఎన్ని ఉన్నాయి, నా లిస్టు ప్రకారం ఫలానా పేజీల ఎదురుగా ఉన్నాయా? టైటిల్ పేజీ, విషయసూచిక ఉన్నాయా? పై కవర్లు, ప్రకటనలు ఏవైనా లోపల కట్టి ఉన్నాయా? పేజీలు చిరిగినవి, టేపు వేసినవి ఉన్నాయా? పురుగు చిల్లులు అక్షరాల మీదికి వచ్చాయా, అంచుల్లోనే ఉన్నాయా? అట్ట ఊడిందా? నాకు కావలసిన రచన మొదటి పేజీ, చివరి పేజీ, వెన్ను ఫోటోలు పంపగలరా? నిజాయితీ ఉన్న డీలర్ ఒకటి రెండు రోజుల్లో జవాబిస్తాడు. విసుక్కుంటే వదిలెయ్యండి, ఇంకొక ప్రతి వస్తుంది. కార్న్‌హిల్, స్ట్రాండ్ లాంటివాటికి ఎప్పుడూ తొందర లేదు.

7. చేతికొచ్చాక చేసే పరీక్ష

పగటి వెలుతురులో, శుభ్రంగా కడిగి తుడుచుకున్న చేతులతో కూర్చోండి. గ్లౌజులు అక్కర్లేదు, వాటితో పేజీ చిరిగే ప్రమాదమే ఎక్కువ. వెన్ను బలవంతంగా పూర్తిగా తెరవకుండా రెండు పక్కలా తువ్వాలు మడతపెట్టి ఆనించండి.

ముందు పేజీ నంబర్లు ఒక్కొక్కటీ చూస్తూ పోవాలి. పుస్తకాన్ని పెద్ద కాగితాలు మడిచి కుట్టేవాళ్ళు కాబట్టి, సాధారణంగా 16 పేజీలకోసారి పేజీ అడుగున చిన్న అక్షరమో అంకెలో కనిపిస్తాయి. ఆ వరుస తప్పితే ఒక మడత మొత్తం పోయిందని అర్థం. బొమ్మల పేజీలకి తరచు నంబర్లుండవు. మీ లిస్టుతో సరిచూడాల్సింది వాటినే.

తర్వాత వేలి కొసతో పేజీ వెనక మెల్లగా తడమండి. సీసపు అక్షరాలతో నొక్కి వేసిన అచ్చు కాబట్టి ఎదుటి పక్క సన్నటి గరుకు తగులుతుంది. కొత్తగా ఆఫ్‌సెట్‌లో వేసిన నకలు ప్రతి నున్నగా ఉంటుంది. భూతద్దంలో చూస్తే, చెక్క మీద చెక్కి అచ్చువేసిన పాత బొమ్మలో గీతలు తెగకుండా, కత్తితో చెక్కినట్టు పదునుగా కనిపిస్తాయి. నకలులో అవే గీతలు చాలాసార్లు చుక్కలుగా విడిపోతాయి. స్ట్రాండ్‌లోని ఫోటోలు మాత్రం అసలు ప్రతిలోనే చుక్కలుగా ఉంటాయి, వాటిని చూసి కంగారు పడొద్దు.

పేజీల మీద గోధుమరంగు మచ్చలుంటే భయం లేదు. బూజు వాసన, ముట్టుకుంటే వేలికి పొడి అంటడం, కదులుతున్న పురుగు, ఈ మూడిట్లో ఏది కనిపించినా ఆ పుస్తకాన్ని మిగతావాటి దగ్గర పెట్టకుండా పాలిథిన్ కవర్లో విడిగా ఉంచండి.

8. మన వాతావరణంలో కాపాడుకోవడం

ఇంగ్లండ్‌లో రాసిన సలహాలు కోస్తా ఉక్కపోతకి సరిపోవు. పాత గుడ్డపీచు కాగితం చాలా గట్టిది, 1837 నాటి బెంట్లీస్ పేజీ ఇప్పటికీ తెల్లగా ఉంటుంది. 1860ల తర్వాత చెక్కగుజ్జు కాగితం పెరిగింది. అందులోని ఆమ్లం వల్ల పేజీలు పచ్చబడి అంచులు అప్పడంలా విరుగుతాయి. అంటే 1890ల పత్రికకే 1830ల దానికంటే ఎక్కువ జాగ్రత్త కావాలి.

గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూడండి. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ అల్మరాలో పెడితే తెలుస్తుంది. వానాకాలంలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, రంగు మారగానే మార్చాలి. బయటి గోడకి ఆనించి ఉన్న చెక్క అల్మరా వద్దు, చెదలు ముందు వచ్చేది అక్కడికే. స్టీలు బీరువాని గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టి, నెలకోసారి తెరిచి గాలాడనివ్వండి. గ్రాఫిక్ లాంటి పెద్ద సైజు పత్రికల్ని నిలబెడితే వాటి బరువుకే వెన్ను విరుగుతుంది, పడుకోబెట్టాలి. విడి సంచికల్ని ఆమ్లం లేని కాగితపు ఫోల్డర్‌లో పెట్టి పాలియెస్టర్ కవర్లో ఉంచండి.

పురుగు ఉన్న పుస్తకాన్ని పాలిథిన్‌లో గాలి చొరబడకుండా సీల్ చేసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు మూడు వారాలు ఉంచొచ్చు. బయటికి తీశాక ఒక రోజంతా సీల్ విప్పకూడదు, విప్పితే చెమ్మ పడుతుంది.

సెల్లోటేపు ఎప్పుడూ వాడొద్దు. మొదట్లో ఒక ఫోర్ట్‌నైట్లీ పేజీ చిరుగుకి నేనే టేపు వేశాను. ఆరేళ్ళకి అది ఎండి ఊడిపోయింది. కింద అక్షరాల మీద పసుపు మరక మిగిలింది, అది పోదు. చిరుగుని గోధుమ పిండి జిగురుతో, జపాన్ పల్చటి కాగితంతో అతకడం తెలిసినవాళ్ళున్నారు, వాళ్ళకివ్వండి. లామినేషన్ చేయిస్తే పేజీని చంపేసినట్టే. తోలు వెన్ను ఎర్రటి పొడిగా రాలుతుంటే నూనె పట్టించకుండా కాగితం చుట్టి దాచండి.

9. లెక్క రాసుకోండి

ప్రతి దానికీ ఒక పేజీ: పత్రిక, సంపుటం, నెలలు, కావలసిన రచన పేజీ నంబర్లు, బొమ్మల లెక్క, లోపాలు, ఎక్కడ ఎంతకి కొన్నారు, పాత యజమానుల సంతకాలు, ముద్రలు. పుస్తకం మీద రాయాల్సొస్తే మెత్తటి పెన్సిల్‌తో, లోపలి అట్ట మూలన మాత్రమే.

మన తెలుగు పత్రికల మాట

ఇంగ్లిష్ పత్రికల దగ్గర నేర్చుకున్నదంతా పట్టుకుని చివరికి నేను వచ్చి ఆగింది మన వాకిట్లోనే. కందుకూరి వీరేశలింగం 1874లో మొదలుపెట్టిన ‘వివేకవర్ధని’లో ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ధారావాహికగా వచ్చింది, 1880లో పుస్తకమైంది. డికెన్స్ దారే ఇది. చిలకమర్తి ‘రామచంద్ర విజయం’కి బహుమతినిచ్చింది ‘చింతామణి’ పత్రిక నవలల పోటీ. గురజాడ ఇంగ్లిష్‌లో రాసిన ‘సారంగధర’ కావ్యం 1883లో విజయనగరం నుంచి వచ్చే ‘ఇండియన్ లీజర్ అవర్’లో అచ్చయింది. దాన్ని కలకత్తా ‘రీస్ అండ్ రయ్యత్’ మళ్ళీ వేసుకుంది.

వీటిని కొనాలని బయల్దేరకండి. లండన్ పత్రికలు లక్షల్లో అచ్చయ్యాయి, ఇవి ఎంతో తక్కువ. చెదలకీ, వానకీ, పొట్లాలకీ పోగా మిగిలినవి వేళ్ళ మీద లెక్క. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాద్ సుందరయ్య విజ్ఞాన కేంద్రం లాంటి చోట్ల పాత పత్రికలు చూడొచ్చు. ప్రెస్ అకాడమీ చాలా పాత తెలుగు పత్రికల్ని స్కాన్ చేయించింది. ముందు అక్కడ చదవండి.

ఎవరింటి అటక మీదైనా, ఏ తాతగారి ట్రంకు పెట్టెలోనైనా పాత పత్రికల కట్ట కనిపిస్తే అక్కడికక్కడే తాడు విప్పి దులపకండి. కట్ట ఉన్నది ఉన్నట్టుగా ముందు ఒక ఫోటో తియ్యండి. పై సంచిక పేరు, తేదీ రాసుకోండి. కింద శుభ్రమైన పంచె పరిచి, పైనుంచి ఒక్కొక్కటే తీస్తూ అదే వరుసలో పేర్చండి. ఫోన్‌తోనైనా సరే అన్ని పేజీలూ, ప్రకటనలు, కవర్లు వదలకుండా ఫోటోలు తీసి, ఆ తర్వాత ఇంటివాళ్ళతో కూర్చుని అవి ఏ గ్రంథాలయానికి వెళ్ళాలో మాట్లాడండి. అందులో విజయనగరంలో అచ్చయిన 1883 నాటి ఇంగ్లిష్ పత్రిక ఏదైనా ఉంటే, విషయసూచికలో ‘సారంగధర’ ఉందేమో చూడండి.